పాట మోగుతుంటే కాలు పెట్టొద్దు

వీపనగండ్ల దాటి వాగు దిక్కు పోయే మట్టిరోడ్డు మీద, రెండు కిలోమీటర్లు పోయినాక, ఎడమ చేతి వైపు ఒక ఎర్రచెల్క ఉంది. చెల్క అంటే నీళ్లు నిలవని మెట్టనేల. మూలకు రేకుల పంపుషెడ్డు. దానికి తలుపు లేదు, సగం రేకులు గాలికి లేచిపోయాయి. చుట్టుపక్కల ఊళ్లల్లో దాన్ని పాటల చెల్క అంటారు.

పేరు విని సంబరపడకండి. పొద్దుగూకితే ఆ చెల్క పక్కనుంచి ఎవరూ నడిచి పోరు. ఆటోవాళ్లు అక్కడ బండి స్పీడు పెంచుతారు. ఎక్కిన వాళ్లు మాటలు ఆపేస్తారు. ఎందుకంటే— ఒంటరి మనిషి ఎవరైనా ఆ చెల్క మొదట్లో అడుగు పెట్టాడో లేదో, షెడ్డులో నుంచి పాట లేస్తుంది.

తెలుగు పాట కాదు. ఇంగ్లీషు పాట. డ్రమ్ముల మీద డ్రమ్ములు, గిటార్లు, నలుగురైదుగురు గొంతు కలిపి అరిచినట్టు...

దీపం ఉండదు. కరెంటు ఉండదు. పాట మాత్రం ఉంటుంది.

ముప్పై ఒక్క ఏళ్లు హైస్కూల్లో పిల్లలకు సైన్సు చెప్పినదాన్ని నేను. దయ్యాలు లేవని ఎన్ని బ్యాచ్‌లకు చెప్పానో లెక్కలేదు. అయినా ఇది నాకు తెలిసిన చెల్క, నేను చదువు చెప్పిన పిల్లల కథ. అందుకని, విన్నది విన్నట్టు, ఒక వరుసలో చెబుతాను. ముందు ఆ రేడియో అక్కడికి ఎట్లా వచ్చిందో తెలియాలి. అది తెలియకపోతే మిగతాది తెలియదు.

ఆ చెల్క మాసయ్యది. యాసంగిలో, అంటే చలికాలం పంటగా, పల్లి వేసేవాడు. పల్లి ఊడ దిగి కాయ పట్టే రోజుల్లో అడవిపందులు వస్తాయి. ఒక్క రాత్రిలో అరెకరం తవ్విపోస్తాయి. వాటిని భయపెట్టడానికి మా దిక్కు రైతులు చేన్లో రేడియో పెట్టి వదిలేస్తారు. మనిషి గొంతు వినబడితే పంది దగ్గరికి రాదని.

మాసయ్య మొదట భజన పాటలు పెట్టాడు. నాలుగు రోజులు పందులు రాలేదు. ఐదో రోజు వచ్చి, భజన వింటూనే మడి మొత్తం తిని పోయాయి.

"పందులకు గూడ భక్తి ముదిరినట్టుంది నాయినా" అని నవ్వాడు మాసయ్య కొడుకు రాఘవేందర్. "ఉండు, నా పాటలు పెడ్త."

రాఘవేందర్ నా దగ్గర పది దాకా చదివి, వనపర్తిలో డిగ్రీ చేస్తున్నాడు. వాడికి రాక్ పాటల పిచ్చి. రాత్రి పది నుంచి ఒంటి గంట దాకా ఒక ఎఫ్ఎంలో ఆ పాటలు వచ్చేవి, యాభై ఏళ్ల నాటివీ నిన్న మొన్నటివీ కలిపి. వాడు నోట్‌బుక్కులో రెండు వరుసలు గీసుకుని, ఒకవైపు పాతవి, ఒకవైపు కొత్తవి రాసుకునేవాడు. ఇష్టమైన వాటికి పక్కన చుక్క. సెలవుల్లో మా ఇంటికి వచ్చి ఆ నోట్‌బుక్ చూపించేవాడు.

"ఏందిరా ఈ మోత?" అంటే,

"మోత కాదు టీచర్. గీటిని పవర్ పాప్ అంటరు. పచ్చిపులుసు తాగుతరు గదా మీరు? పులుపుంటది, కారముంటది, అడుగున బెల్లం ముక్క ఉంటది. గదే ఇది. మూడు నిమిషాలల్ల అయిపోతది గని, రోజంత నోట్లె ఉంటది."

నిజం చెప్పాలంటే, ఆ మాట విన్నాక నాకూ ఒకటి రెండు బాగున్నాయి.

పందులకు మాత్రం నచ్చలేదు. డ్రమ్ము దెబ్బకు వాగు దాటి పారిపోయేవి. ఒక నెల... అంతే. నెల తర్వాత వాటికి అదీ అలవాటయింది. అప్పుడు మాసయ్య అందరూ చేసే పాడుపని చేశాడు. చేను చుట్టూ జానెడు ఎత్తున గూటాలు పాతి, సన్న తీగ లాగి, రాత్రిళ్లు దానికి కరెంటు పెట్టాడు.

తప్పని మాసయ్యకూ తెలుసు. వద్దని రాఘవేందర్ కొట్లాడాడు. తండ్రి వినకపోతే, కనీసం మనుషులైనా చావకూడదని ఒక ఉపాయం చేశాడు. తీగకూ రేడియోకూ ఒకే స్విచ్ పెట్టాడు. స్విచ్ వేస్తే తీగలో కరెంటు, రేడియోలో పాట. రెండూ ఒక్కసారే. తర్వాత ఊరంతా తిరిగి చెప్పాడు: "పాట మోగుతుంటే కాలు పెట్టొద్దు."

బడి పిల్లలకు కూడా ఆ మాట కంఠతా వచ్చింది.

వాడు నాకూ వచ్చి చెప్పాడు. నేను వీపు తట్టి, "సూచిక అంటే ఇదేరా, భేష్" అన్నాను. మరునాడు తొమ్మిదో తరగతిలో వాడి ఉపాయం పాఠంగా కూడా చెప్పాను.

నేను చెప్పనిది ఒకటుంది. పొగ కనబడితే కింద నిప్పు ఉన్నట్టే. కానీ పొగ లేదని బొగ్గుల మీద చెయ్యి పెట్టకూడదు. పాట ఉంటే కరెంటు ఉంది, సరే. పాట లేకపోతే? ఆ ప్రశ్న వాడు అడగలేదు. నేను అడగవలసింది. అడగలేదు.

పుష్యమాసం. శనివారం రాత్రి. వనపర్తి నుంచి ఆఖరి బస్సు దిగి, ఇంటికి పోకుండా, తండ్రి ఒంటరిగా కావలి ఉన్నాడని నేరుగా చెల్కకు నడిచాడు రాఘవేందర్. ఆ రాత్రి ఎఫ్ఎంలో ఏదో చెడిపోయి పాటలు ఆగిపోయాయి. గరగర కూడా లేదు. ఉత్త నిశ్శబ్దం. షెడ్డులో మాసయ్య నిద్రపోయాడు. తీగలో కరెంటు ఉంది.

వాడు చేను గట్టు మీద ఆగి విని ఉంటాడు. తప్పకుండా ఆగి ఉంటాడు, వాడు పెట్టిన నియమమే కదా. పాట లేదు. కరెంటు పోయిందనుకున్నాడు. గట్టు దిగేటప్పుడు కుడికాలి స్లిప్పర్ పట్టీ తెగింది. చెప్పు అక్కడే వదిలి, వట్టికాలు మంచు తడిసిన నేల మీద పెట్టాడు...

కొంతసేపటికి స్టేషన్ బాగయింది. పాట మోగింది. ఆ పాటకు మాసయ్యకు మెలకువ వచ్చింది.

ఒక చెప్పు గట్టు మీద దొరికింది. రెండోది కొడుకు ఎడమ కాలికే ఉంది. దాన్ని ఎవరూ తీయలేదు. అట్లాగే దహనం చేశారు.

ఇది ఏడేళ్ల కిందటి మాట. ఆ తర్వాత చెల్క సాగు లేక పడావు పడింది. మాసయ్య మనిషి కాకుండా పోయాడు, ఎవరితోనూ మాట్లాడడు. రెండేళ్లకు ఆ షెడ్డుకు పోయే కరెంటు తీగను కూడా తీసేశారు. తీసింది ఎవరో కాదు, రాఘవేందర్‌తో ఒకే బెంచీ పిల్ల సింధూజ. కరెంటు శాఖలో లైన్‌మన్ ఉద్యోగం. ఆడపిల్ల స్తంభం ఎక్కుతుంటే మొదట్లో ఊరంతా నిలబడి చూసింది. ఇప్పుడు ఎవరూ తల ఎత్తరు.

తీగ తీసేశాక పాట మొదలైంది. అందుకే భయం. కరెంటు లేని షెడ్డులో రేడియో ఎట్లా మోగుతుంది? రాఘవేందరే పాటతో మనుషులను పిలుస్తున్నాడన్నారు. వాడు పోయిన చోటికే, వాడు పోయినట్టే...

ఇక ఈ యేటి సంగతి. ఇది సింధూజ నోటితో నేను విన్నది. మా ఇంటి అరుగు మీద కూర్చుని చెప్పింది. ఇచ్చిన చాయ్ ఇచ్చినట్టే చల్లారిపోయింది.

సింధూజ తండ్రి బాలస్వామి ఆ చెల్కను కౌలుకు తీసుకున్నాడు. వేరే ఎవరూ అడగని చేను కదా. పల్లి వేశాడు. మంచె కట్టుకుని రాత్రిళ్లు కావలి పోయేవాడు.

"పాట వినవడ్తదా నాయినా?" అని అడిగింది సింధూజ ఒకరోజు.

"నాకు నిద్రల మీ అమ్మ గురకనే వినవడదు. దయ్యం పాట వినవడ్తదా?" అన్నాడు.

ఆ రాత్రి తొమ్మిదికి మంచె దిగి వచ్చి, తిని, మళ్లీ పోవాలి. పదకొండయినా రాలేదు. ఫోను మోగుతున్నది, ఎత్తడం లేదు. పదిసార్లు చేసింది.

సింధూజ స్కూటరు తాళం తీసింది. తల్లి జానకమ్మ గడపకు అడ్డం నిలబడింది.

"పొద్దుగాల పోదువు తీయ్. గా చెల్కకు ఆడపిల్లవు... గీ యాల్లప్పుడు..."

"స్తంభం ఎక్కేటప్పుడు ఆడపిల్లను గానా? జరుగమ్మా. నాయినకు ఏమన్న అయ్యింటే?"

"పాట మొదలైతే?"

"మొదలైతే విని వస్త. గాడ కరెంటు లేదమ్మా. నా చేత్తోనే తీసేసిన. కరెంటు లేని చేన్ల ఎవ్వరు చావరు."

టార్చిలైటు, రబ్బరు గ్లౌజులు, టెస్టరు— ఉద్యోగం సంచి స్కూటరులో ఎప్పుడూ ఉండేదే.

మట్టిరోడ్డు మీద స్కూటరు ఆపింది. హెడ్‌లైటు ఆర్పేసరికి చీకటి మొహం మీదికి వచ్చి పడింది. చలి. మంచు.

"నాయినా..."

జవాబు లేదు.

కళ్లు చీకటికి అలవాటయ్యాక కనబడింది. చేను నడుమ, మంచె కింద, నేల మీద ఒక టార్చి వెలుగుతున్నది. పల్లి ఆకుల మధ్య పడి, ఒక్కవైపే చూస్తున్నది. కదలడం లేదు.

టార్చి పక్కన ఏదో నల్లగా...

"నాయినా!"

పరుగెత్తింది. గట్టు ఎక్కింది. దిగబోయింది...

పాట లేచింది.

ఒక్కసారిగా, చెవిలో డ్రమ్ము కొట్టినట్టు. గిటార్లు, చప్పట్లు, నలుగురి గొంతులు. షెడ్డు వైపు నుంచి. అది సింధూజకు తెలిసిన పాట. రాఘవేందర్ నోట్‌బుక్కులో పాతవాటి వరుసలో, రెండు చుక్కలు పెట్టిన పాట. ఇంటర్‌లో బస్సు ఎక్కిన ప్రతిరోజూ వాడు అదే కూనిరాగం తీసేవాడు.

ఒక కాలు గట్టు మీద. ఒక కాలు గాలిలో.

"టీచర్," అంది సింధూజ నాతో, "గప్పుడు నాకు రెండు వినవడ్డయి. నా ఉద్యోగమేమో, ఇక్కడ కరెంటు లేదు, దూకు, నాయిన పడ్డడు అన్నది. పాటేమో... కాలు పెట్టొద్దు అన్నది."

"ఏది విన్నావు?"

"చిన్నప్పట్నుంచి విన్నదే విన్న."

కాలు వెనక్కి తీసింది. టార్చి కిందికి తిప్పింది.

సరిగ్గా పాదం పడవలసిన చోట, జానెడు ఎత్తున, సన్నటి కొత్త తీగ మంచుకు తడిసి మెరుస్తున్నది.

తీగ వెంట వెలుతురు నడిపించింది. గూటం తర్వాత గూటం... రోడ్డు పక్క స్తంభం దాకా. పైన, లైను తీగకు తగిలించిన ఇనుప కొండీ. కొండీ అంటే దొంగ కరెంటు కోసం వేసే కొక్కెం. లైన్‌మన్ ఉద్యోగం చేసే కూతురికి తెలియకుండా తండ్రి పందుల కోసం వేసుకున్న కొక్కెం. అది వేసిన వెదురు కట్టె స్తంభం కిందే పడి ఉంది.

గ్లౌజులు తొడుక్కుంది. కట్టెతో కొండీని ఎగదోసింది. నీలం నిప్పురవ్వ ఒకటి రాలి... తీగ కిందపడింది. తీగకు టెస్టరు పెట్టి చూసింది. లేదు. అప్పుడు దూకింది.

బాలస్వామి బతికే ఉన్నాడు. మంచె దిగుతూ జారి పడ్డాడు. తుంటి విరిగింది. పెదవులు ఎండిపోయి గొంతు రావడం లేదు. పైన మంచె మీద ఫోను మోగుతుంటే, కింద పడి వింటూ ఉన్నాడట, పదిసార్లూ.

"తీగ... బిడ్డా, తీగ..." ఇదొక్కటే అంటున్నాడు. కూతురు టార్చి గట్టు మీద కనబడ్డప్పటి నుంచి అదే అంటున్నాడు. ఎవరికీ వినబడనంత మెల్లగా.

అంబులెన్సుకు ఫోను చేసింది. అరగంట అన్నారు. పాట ఇంకా మోగుతూనే ఉంది.

తండ్రి మీద తన స్వెటరు కప్పి, సింధూజ షెడ్డు దిక్కు నడిచింది. భయం కాలేదా అని అడిగాను. "అయ్యింది టీచర్. గని నాయిన బతికిండు. ఎవ్వరు పాట పెట్టిన్రో చూడకుంట ఎట్ల పోత?" అంది.

షెడ్డులో టార్చి వేసింది.

మూలకు, గోడకు ఆనుకుని, గొంగడి కప్పుకుని మాసయ్య కూర్చుని ఉన్నాడు. ఒడిలో చిన్న రేడియో, సెల్లులు వేసుకునేది. గోడకు మేకు. మేకుకు వేలాడుతూ, పట్టీ తెగిన కుడికాలి స్లిప్పర్.

"పెద్దనాయినా... నువ్వా?"

వెలుతురుకు కళ్లు చికిలించాడు. "ఎవ్వరు? బాలస్వామి బిడ్డవా? నీ అడుగులనుకోలే. వాడే అనుకున్న."

ఇదన్నమాట ఐదేళ్ల దయ్యం! రోజూ ఊరు పడుకున్నాక తీగ లేని షెడ్డు వెనక, వాగు వైపు నుంచి వచ్చి చీకట్లో కూర్చుంటాడు. సెల్లులు అయిపోతాయని రేడియో బందు పెట్టి ఉంచుతాడు. అడుగుల చప్పుడు వినబడితే చాలు, పెడతాడు. అందుకే మనిషి రాగానే పాట లేచేది. చూశారా, ఎంత సులువైన జవాబో. ఇక్కడిదాకా విని నేను ఊపిరి పీల్చుకున్నాను.

"మా నాయిన గంటల సంది మూలుగుతుండు పెద్దనాయినా. నీకు వినవడలేదా?"

"మూలుగు నాకు దినాం వినవడ్తది బిడ్డా. ఇయ్యాల్టిది మీ నాయినదని ఎట్ల తెలుస్తది?"

సింధూజ తండ్రి పడి ఉన్న దిక్కు ఒకసారి టార్చి తిప్పి చూసింది.

తర్వాత మాసయ్య పక్కన కూర్చుని, చిన్నపిల్లవాడికి చెప్పినట్టు చెప్పిందట. "కొండీ తీసేసిన. ఇగ తీగల కరెంటు లేదు. రేపు గూటాలు గూడ పీకేస్త. ఇగ రేడియో బంద్ చేసి, ఇంటికి పోయి పండుకో."

"బంద్ చేస్తే వస్తడు."

"ఎవ్వరు?"

"పాట లేదనుకొని వస్తడు. కాలు పెడ్తడు. దినాం వస్తడు బిడ్డా. పాట పెడితె ఆగుతడు."

ముసలాయన మతి పోయిందనుకుంది. జాలితో ఆయన ఒడిలోకి చెయ్యి పెట్టి, తానే రేడియో గుండీ తిప్పింది.

నిశ్శబ్దం.

మంచు రాలుతున్న చప్పుడు. దూరంగా బాలస్వామి మూలుగు. అంతే.

తర్వాత...

వాగు దిక్కు నుంచి, గట్టు అవతలి గడ్డిలో... అడుగులు.

తొందర లేదు. అలవాటైన దారిలో వస్తున్నట్టు. దగ్గరికి... ఇంకా దగ్గరికి... గట్టు ఎక్కాయి. సింధూజ టార్చి అటు తిప్పింది. గట్టు మీద ఎవరూ లేరు. అడుగులు మాత్రం గట్టు దిగబోతున్నాయి...

మాసయ్య ఆమె చేతిలో నుంచి రేడియో గుంజుకుని గుండీ తిప్పాడు. పాట మోగింది.

అడుగులు ఆగాయి.

అంబులెన్సు వచ్చేదాకా ఆ పాటను ఆపమని సింధూజ మళ్లీ అనలేదు. బాలస్వామి ఇప్పుడు కట్టె పట్టుకుని నడుస్తున్నాడు. మరునాడే చేను చుట్టూ తీగ మొత్తం పీకించింది, తండ్రి దొంగ కరెంటు సంగతి తానే ఆఫీసులో చెప్పింది. ఆ తర్వాత ఇంకో పని కూడా చేస్తున్నది. జీతం వచ్చిన రోజు ఒక డబ్బా సెల్లులు కొని, మాసయ్య షెడ్డులో పెట్టి వస్తున్నది.

అదంతా విన్నాక నేను టీచరునయ్యాను. "సింధూజా, సైన్సు చదివినదానివి. చీకటి, భయం. ఆ వచ్చింది అడవిపంది అయి ఉంటుంది. వాగు దిక్కు నుంచే కదా వస్తాయి. పాటకు ఆగిపోయింది. వెలుతురుకు గడ్డిలో దాక్కుంది."

సింధూజ చల్లారిన చాయ్ గ్లాసు పక్కకు జరిపింది.

"నేను గూడ గట్లనే అనుకుందమని చూసిన టీచర్. గని ఆ అడుగులు... ఒకటి టప్పుమంటుండె. ఒకటి మెత్తగ పడుతుండె. టప్పు... మెత్తగ. టప్పు... మెత్తగ."

తల ఎత్తి నన్ను చూసింది.

"పందికి ఒక్క కాలికే చెప్పు ఉంటదా టీచర్?"